క్రిస్మస్ తర్వాత వచ్చే వెలుగు: కోనసీమకు ప్రత్యక్షత కాలం ఏం చెబుతుంది?

డిసెంబరు 25 రాత్రితో క్రిస్మస్ ముగిసిందని మనలో చాలామంది అనుకుంటాం. ఏడాది చివరి రాత్రి ఆరాధన, కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన, ఆ తర్వాత ఊరంతా సంక్రాంతి పనుల్లో పడిపోతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో క్రైస్తవుల ఇళ్ల ముందు కట్టిన నక్షత్రాలు మాత్రం ఇంకొన్నాళ్లు వెలుగుతూనే ఉంటాయి. అలా ఉండటమే సబబు. ఆ నక్షత్రం మత్తయి సువార్తలో తూర్పు దేశపు జ్ఞానుల కథలోది. ఆ కథకు సంఘం కేటాయించిన రోజు జనవరి 6. ఆ రోజుతో మొదలయ్యేదే ప్రత్యక్షత కాలం.

ఈ కాలాన్ని పాటించే సంఘాలు మన దగ్గర ఉన్నాయి. పేరు కూడా వినని విశ్వాసులు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఇద్దరికీ ఇందులో తీసుకోవలసినది చాలా ఉంది. అదేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇది ఏ పండుగ?

లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో దీన్ని ప్రత్యక్షత పండుగ అంటారు. కథోలికులు క్రీస్తు సాక్షాత్కార పండుగ అంటారు. ముగ్గురు రాజుల పండుగ అని, ఎపిఫనీ అని పిలిచేవాళ్లూ ఉన్నారు. పేరు ఏదైనా విషయం ఒకటే: బేత్లెహేములో పుట్టిన బిడ్డ ఎవరో లోకానికి తెలిసిన సందర్భం.

వయసులో ఇది చాలా పాత పండుగ. ఐగుప్తులోని అలెగ్జాండ్రియాలో సుమారు 200 నాటికే జనవరి తొలి రోజుల్లో యేసు బాప్తిస్మాన్ని పండుగగా జరుపుకునేవారు ఉన్నట్టు ఆ నగరపు క్రైస్తవ పండితుడు క్లెమెంట్ రాశాడు. తూర్పు దేశాల సంఘాలు ఈ రోజున బాప్తిస్మాన్ని తలచుకుంటే, రోము వైపు సంఘాలు జ్ఞానుల రాకను తలచుకున్నాయి. కానా ఊరి పెళ్లిలో యేసు చేసిన మొదటి అద్భుతం కూడా ఈ కాలంలోకే చేరింది. ఆర్మీనియా సంఘం ఇప్పటికీ క్రీస్తు జననాన్ని, బాప్తిస్మాన్ని కలిపి జనవరి 6నే జరుపుకుంటుంది. మన దేశంలో కథోలికులు జనవరి 2కూ 8కీ మధ్య వచ్చే ఆదివారం నాడు ఈ పండుగ చేస్తారు.

చాలా సంఘాల లెక్కలో ఈ కాలం భస్మ బుధవారం ముందు రోజు దాకా నడుస్తుంది. ఆ మర్నాటి నుంచి శ్రమల కాలం. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది కాబట్టి ప్రత్యక్షత కాలం పొడవూ మారుతుంది. 2024లో భస్మ బుధవారం ఫిబ్రవరి 14న వచ్చింది, అంటే ఈ కాలానికి దక్కినవి 39 రోజులు. 2025లో అది మార్చి 5కు జరిగింది, దాంతో 58 రోజులు వచ్చాయి. పశువుల తొట్టికీ సిలువకూ మధ్య ఉన్న రోజులివి. పుట్టింది ఎవరు అని తెలుసుకోవడానికి, ఆయన నన్నేం అడుగుతున్నాడు అని ఆలోచించుకోవడానికి సంఘం ఇచ్చిన వ్యవధి.

కోనసీమలో బ్రదరన్ సంఘాలు, స్వతంత్ర పెంతెకొస్తు సంఘాలు చాలా ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం ఇలాంటి పండుగల పట్టిక పెట్టుకోవు. బ్రదరన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరవడమే పండుగ. ఆ పద్ధతికి దాని బలం దానికుంది. ప్రత్యక్షత కాలంలో చదివే ముఖ్య కథలన్నీ సువార్తల్లోవే కాబట్టి, పండుగ చేయని ఇంట్లో కూడా జనవరిలో వాటిని వరుసగా చదువుకోవడానికి అడ్డేమీ లేదు.

జ్ఞానుల కథలో నిజంగా ఉన్నదేమిటి?

క్రిస్మస్ నాటకాల్లో మనం చూసే దృశ్యానికీ మత్తయి రెండో అధ్యాయానికీ చాలా తేడా ఉంది. జ్ఞానులు ముగ్గురని అక్కడ లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురని తర్వాతివాళ్లు అనుకున్నారు. గస్పారు, మెల్కియోరు, బల్తసారు అన్న పేర్లు కొన్ని శతాబ్దాల తర్వాత వచ్చినవి. వాళ్లు రాజులనీ లేదు, ఒంటెలెక్కి వచ్చారనీ లేదు. నక్షత్రాలను చూసి కాలగతిని లెక్కగట్టే తూర్పు దేశపు పండితులు వాళ్లు. పశువుల పాకలోకి వచ్చారని కూడా మత్తయి రాయలేదు. బిడ్డ ఉన్న ఇంట్లోకి వచ్చారని రాశాడు. రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపమని హేరోదు ఆజ్ఞ ఇచ్చిన తీరు చూస్తే, వాళ్లు వచ్చేసరికి బిడ్డ పుట్టి కొంతకాలం అయివుండాలి.

ఈ చిన్న కథలో మూడు రకాల మనుషులు ఉన్నారు. మొదటివాడు హేరోదు. వార్త వినగానే అతను భయపడ్డాడు. తన కుర్చీకి ఎసరు వస్తుందన్న భయం అది. ఆ భయమే చివరికి పసిపిల్లల ప్రాణాలు తీసింది.

రెండోవాళ్లు యెరూషలేములోని ప్రధాన యాజకులు, శాస్త్రులు. మెస్సీయ ఎక్కడ పుట్టాలి అని రాజు అడిగితే వాళ్లు తడుముకోలేదు. మీకా ప్రవచనం చూపించి, బేత్లెహేము అని చెప్పారు. జవాబు సరైనదే. యెరూషలేము నుంచి బేత్లెహేముకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు, ఇంచుమించు అమలాపురం నుంచి అంబాజీపేటకు వెళ్లినంత. వాళ్లలో ఒక్కరు కూడా లేచి వెళ్లినట్టు మత్తయి రాయలేదు.

మూడోవాళ్లు జ్ఞానులు. వాళ్లకు ఊరి పేరు తెలియదు, లేఖనం తెలియదు. తెలిసిందల్లా ఒక నక్షత్రం. ఆ కొద్దిపాటి వెలుగును పట్టుకుని ఎన్నో రోజుల ప్రయాణం చేసి వచ్చారు. మధ్యలో దారి తెలియక యెరూషలేములో ఆగి అడిగారు. చెప్పినవాళ్లు తమతో రాకపోయినా, చెప్పిన మాట పట్టుకుని ముందుకు కదిలారు. ఊరు దాటాక నక్షత్రం మళ్లీ వాళ్ల ముందు కనబడింది.

ప్రత్యక్షత కాలమంతా ఈ ఒక్క తేడా మీద నిలబడి ఉంది. తెలిసినవాళ్లు ఆగిపోయారు, తెలియనివాళ్లు నడిచి చేరుకున్నారు. ఇది చదివినప్పుడు మన వేలు యూదు పండితుల వైపు తిరగకూడదు. తరతరాలుగా సంఘంలో ఉన్న మన వైపే తిరగాలి. మనకు వాక్యం తెలుసు. ఏ అధ్యాయం ఎక్కడుందో తెలుసు. సండే స్కూల్లో నేర్చుకున్న వచనాలు నిద్రలో లేపినా చెప్పగలం. తమ్ముడితో మాట్లాడి రెండేళ్లయింది, వెళ్లి మాట్లాడాలని తెలుసు. కూలి ఎగ్గొట్టడం పాపమని తెలుసు. తెలిసినచోటే ఆగిపోవడం యెరూషలేము పండితులతోనే పోలేదు.

మూడు కానుకలు

బంగారం, సాంబ్రాణి, బోళం. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవునికి, బోళం మరణానికి గుర్తని సంఘ పితరుల కాలం నుంచి చెబుతూ వస్తున్నారు. తెలుగువాళ్లకు ఇందులో మరో దగ్గరితనం కూడా ఉంది. మన ఇళ్లలో పసిపిల్లకు తలంటుపోశాక సాంబ్రాణి ధూపం వేస్తారు. బజారులో దొరికే సాంబ్రాణి చాలావరకు వేరే చెట్ల బంక కావచ్చు గానీ, చంటిబిడ్డ ఉన్న ఇంటికి సాంబ్రాణి పట్టుకెళ్లడంలో మన అమ్మమ్మలకు వింత ఏమీ కనబడదు.

సువార్తలో చెప్పిన ఆ సాంబ్రాణి దక్షిణ అరేబియా నుంచి, ఆఫ్రికా కొమ్ము ప్రాంతం నుంచి వచ్చేది. ఒమన్‌లోని ధోఫార్ ప్రాంతంలో ఆ చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నేలను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కోనసీమలో ఒమన్ పేరు వినగానే చాలా ఇళ్లకు మరొకటి గుర్తుకొస్తుంది. మన ఊళ్ల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటిపనికి మస్కట్‌కు, కువైట్‌కు, దోహాకు వెళ్లారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో పెద్దమ్మ దగ్గరో వదిలి, ఇంకొకరి పిల్లల్ని పెంచి, నెలనెలా డబ్బు పంపిస్తున్నారు. ఆ డబ్బుతో ఇక్కడ ఇళ్లు లేచాయి, చదువులు సాగాయి, చర్చిలకు చందాలు వచ్చాయి. బంగారం, సాంబ్రాణి, బోళం మూడూ కలిసిన కానుక అది. అందులో సొమ్ముంది, ప్రార్థన ఉంది, చేదు కూడా ఉంది. ప్రత్యక్షత ఆదివారం నాడు మన సంఘాల్లో ఈ తల్లుల కోసం పేరుపేరునా ప్రార్థన చేయడం కంటే తగిన పని మరొకటి ఉండదు.

బోళం సంగతి ఒక మాట చెప్పాలి. యేసు సమాధి దగ్గర నీకొదేము తెచ్చిన సుగంధ ద్రవ్యాల్లో బోళం ఉందని యోహాను రాశాడు. సిలువ దగ్గర ఆయనకు ఇవ్వబోయిన ద్రాక్షారసంలో బోళం కలిపారని మార్కు రాశాడు. పసిబిడ్డ ఇంట్లోకి వచ్చిన వస్తువే చావు దగ్గరా కనబడింది. దేవుని ముందు పెట్టడానికి మన దగ్గర సంతోషమే ఉండాలని లేదు. పోయిన మనిషి గురించిన దుఃఖం, తీరని అప్పు, బయటికి చెప్పుకోలేని జబ్బు, వీటిని కూడా కానుకగా తీసుకెళ్లవచ్చని ఈ కథ ధైర్యం చెబుతోంది.

నీళ్ల దగ్గర, పెళ్లింట్లో, దేవాలయంలో

పండుగ తర్వాతి ఆదివారం యేసు బాప్తిస్మం గురించి చదువుతారు. యొర్దానులో ఆయన పాపుల వరుసలో నిలబడి నీళ్లలోకి దిగాడు. దేవుని కుమారుడని పైనుంచి మాట వినబడింది ఆ నీళ్లలోంచి పైకి వచ్చినప్పుడే. నదీ పాయల మధ్య బతికే కోనసీమకు ఈ దృశ్యం అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఇక్కడ ఎందరో విశ్వాసులు గౌతమిలో, వశిష్ఠలో, వైనతేయలో, పంట కాలవల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. మీరు ఏ రేవులో మునిగారో ఆ రేవు దగ్గరికి ఈ కాలంలో ఒకసారి వెళ్లి, ఆ రోజు ఇచ్చిన మాట ఎంతవరకు నిలబెట్టుకున్నానా అని ఆలోచించుకోవచ్చు.

ఇతర చోట్ల ఈ పండుగకు నీళ్లతో, దీపాలతో గట్టి అనుబంధం ఉంది. ఇథియోపియాలో జనవరి 19న తిమ్‌కత్ పేరుతో జనం నీళ్ల దగ్గరికి ఊరేగింపుగా వెళ్తారు. కేరళలో సిరియన్ క్రైస్తవులు దీన్ని దనహ అంటారు. త్రిస్సూర్ జిల్లా ఇరింజాలకుడలో అరటి బోదెలను ఇళ్ల ముందు నిలబెట్టి దీపాలతో అలంకరిస్తారు, అందుకే అక్కడ దానికి పిండి పెరున్నాల్ అనే పేరు వచ్చింది. పిండి అంటే మలయాళంలో అరటి బోదె. రావులపాలెం అరటి మార్కెట్ ఉన్న మన సీమలో ఆ పద్ధతిని చూసి ముచ్చటపడనివాళ్లు ఉండరు.

తర్వాతది కానా పెళ్లి. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో మాఘమాసం వస్తుంది, మన ఊళ్లలో పెళ్లిళ్ల మాసం. సరిగ్గా అదే రోజుల్లో ఈ భాగం చదువుకోవడం బాగుంటుంది. ద్రాక్షారసం అయిపోయింది, పెళ్లివారి పరువు పోయేలా ఉంది. బానల నిండా నీళ్లు పొయ్యమని యేసు పనివాళ్లకు చెప్పాడు. ఆ నీళ్లు ద్రాక్షారసంగా మారాయి. రుచి చూసిన విందు ప్రధానికి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. నీళ్లు తోడిన పనివాళ్లకు తెలుసు అని యోహాను ప్రత్యేకంగా రాశాడు. పీటల మీద ఉన్నవాళ్లకు, పెద్ద వరుసలో కూర్చున్నవాళ్లకు తెలియనిది, నీళ్లు మోసినవాళ్లకు తెలిసింది. మన పెళ్లిళ్లలో వంటశాల వెనక నీళ్లు మోసేవాళ్లు, ఆకులు తీసేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు ఎవరో ఒక్కసారి తలచుకుంటే ఈ మాట బరువు తెలుస్తుంది. దేవుని పని మొదట కనబడేది పని చేస్తున్న చేతులకే.

ఫిబ్రవరి 2న బాలయేసును దేవాలయానికి తీసుకొచ్చిన సంగతి చదువుతారు. అది క్రిస్మస్‌తో కలిపి నలభయ్యో రోజు. అక్కడ ఆయనను గుర్తుపట్టిన సుమెయోను, అన్న ఇద్దరూ ఎదురుచూపులో గడిపినవాళ్లు. అన్నకు ఎనభై నాలుగేళ్లని, ఎన్నో ఏళ్లుగా విధవరాలని లూకా రాశాడు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు కోనసీమలో ప్రతి వీధిలో ఉన్నారు. మా రోజులు అయిపోయాయి అనుకునే వాళ్లందరికీ లూకా రాసినది ఒక హామీ. దేవాలయంలో ఉన్న అంతమందిలో బిడ్డను గుర్తుపట్టిన కళ్లు ఆ ఇద్దరివే.

వెలుగులన్నీ ఒకటి కావు

1995 జనవరి 8 ఆదివారం. కథోలికుల లెక్కలో ఆ ఏడాది సాక్షాత్కార పండుగ ఆ రోజే. ఆనాడే పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ తవ్విస్తున్న గ్యాస్ బావిలో బ్లోఅవుట్ జరిగింది. మంట ఆకాశానికి లేచింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ మంటను ఆర్పడానికి 65 రోజులు పట్టింది, చివరికి మార్చి 15న అదుపులోకి వచ్చింది. ఆ ఏడాది భస్మ బుధవారం మార్చి 1. అంటే 1995 ప్రత్యక్షత కాలం దాదాపు మొత్తం కోనసీమలో ఆ మంట కిందే గడిచింది.

ఈ సంగతిని ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. వెలుగు అన్న మాటను మనం చర్చిల్లో చాలా తేలిగ్గా వాడేస్తాం. కళ్లు చెదిరేలా ఏదైనా జరిగితే దేవుడు కనబడ్డాడంటాం. పెద్ద మైకు, పెద్ద వేదిక, పెద్ద జనం ఉంటే అక్కడ దేవుడున్నాడంటాం. జ్ఞానులు చూసిన వెలుగు అలాంటిది కాదు. ఆకాశంలో వేల చుక్కల మధ్య అదొక చుక్క. రోజూ చూసే అలవాటున్నవాళ్లే దాన్ని గుర్తుపట్టారు. అది ఎవరినీ ఇంట్లోంచి తరమలేదు, ఎవరినీ భయపెట్టలేదు. నడవడానికి సరిపడా చూపించింది. మనుషుల్ని ఇళ్ల నుంచి వెళ్లగొట్టిన పని ఆ కథలో హేరోదుది. యోసేపు రాత్రికి రాత్రి తల్లిని, బిడ్డను తీసుకుని ఐగుప్తుకు వెళ్లిపోయాడు.

అందుచేత ఒక అనుభవం దేవుని నుంచి వచ్చిందా కాదా అని తేల్చుకోవడానికి ఎంత మెరిసిందని అడిగితే సరిపోదు. నన్ను ఎవరి దగ్గరికి నడిపించింది, నా చేతుల్లోంచి ఏం ఇప్పించింది, ఏ దారి మాన్పించింది అని అడగాలి. జ్ఞానులు తిరుగు ప్రయాణంలో హేరోదు దగ్గరికి వెళ్లలేదు, వేరే దారిన తమ దేశానికి వెళ్లారు. బిడ్డను చూసినవాళ్లు పాత దారిన వెళ్లలేకపోయారు. ప్రత్యక్షతకు మనిషిలో కనబడే రుజువు అదే.

గోదావరి ఒడ్డుకు వచ్చిన కబురు

ఈ కబురు మన డెల్టాకు వచ్చిన తీరులో కూడా నడకే ఎక్కువ. 1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలతో ఇండియాకు వచ్చారు. బౌడెన్ తాపీపని, బీర్ చెప్పులు కుట్టే పని చేసినవాళ్లు. నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా వాళ్లు మొదలుపెట్టిన పనే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ఠకు అవతల నర్సాపురం. కోనసీమ లంకల్లోకి సువార్త ఆ నీళ్లు దాటి వచ్చింది. 1845లో రాజమండ్రిలో లూథరన్ మిషన్ పని మొదలైంది.

రాజమండ్రికి దగ్గరలోని జేగురుపాడులో పుట్టి, లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారిది మరో అధ్యాయం. 1938 జనవరి 31న బైబిల్ మిషన్ అన్న మాట గాలిలో బంగారు అక్షరాలతో తనకు ప్రత్యక్షమైందని ఆయన చెప్పారు, ఆ పేరుతోనే సంఘం మొదలైంది. బైబిల్ మిషన్ వారు సన్నిధి కూటాలు పెట్టుకుంటారు. దేవుని ఎదుట మాటలు తగ్గించి కనిపెట్టడం అందులో ముఖ్యం. నమ్మకాల వివరాల్లో ఇతర సంఘాలకు తేడాలుండవచ్చు. ప్రార్థన అంటే ఆగకుండా అడగడమే అనుకునే మనకు, ఊరికే కూర్చుని చూడటం అలవాటు చేసిన మేలు మాత్రం చిన్నది కాదు.

ఈ కబురును కోనసీమలో ముందుగా, ఎక్కువగా అందుకున్నవాళ్లు ఊరి నడిబొడ్డున ఉన్నవాళ్లు కారు. పేటల్లో, పల్లెల్లో ఉన్న దళితులు. గుడి మెట్లు, ఊరి బావి అందనివాళ్లకు ఒక పుస్తకం, ఒక బడి, పేరు పెట్టి పిలిచే ఒక దేవుడు దొరికారు. జ్ఞానుల కథ వాళ్లకు సొంత కథలా వినబడటంలో ఆశ్చర్యం లేదు. మత్తయి చెప్పిన మొదటి ఆరాధకులు పరాయివాళ్లు, యూదుల లెక్కలో లోపలికి రానివాళ్లు. బయటివాళ్లుగా లెక్కించినవాళ్లకు తలుపు తెరవడం ఈ పండుగ గుండె.

కాబట్టి ఈ కాలం మనల్ని కాస్త ఇబ్బంది పెట్టాలి కూడా. 2022 మే 24న జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చే విషయమై అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. కులం ఎంత లోతున ఉందో ఆ రోజు అందరికీ కనబడింది. క్రైస్తవ సంఘాలు ఆ జబ్బుకు బయట ఉన్నాయని చెప్పుకోవడానికి లేదు. కులాన్ని బట్టి సంఘాలు, కులాన్ని బట్టి పెళ్లి సంబంధాలు మన మధ్యా ఉన్నాయి. తూర్పు నుంచి వచ్చిన పరాయివాళ్లను బిడ్డ దగ్గరికి రానిచ్చిన మరియను గౌరవిస్తూ, పక్క పేట మనిషిని వంటింటి గడప దాటనివ్వకపోవడం రెండూ ఒకే హృదయంలో ఇమడవు.

పండుగల విషయంలో పొరుగువాళ్ల నుంచి నేర్చుకోవలసిందీ ఉంది. కనుమ రోజున జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద కొబ్బరి తోటలోకి తరలి వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో రాష్ట్ర శకటంగా కూడా ఆ ప్రభల తీర్థాన్నే చూపించారు. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో రథోత్సవం జరుగుతుంది. ఎవరి నమ్మకం వారిదే, ఒకదానితో మరొకటి కలపాల్సిన పని లేదు. దేవుడు జనం మధ్యకు, పొలాల మధ్యకు రావాలన్న ఆశ మాత్రం ఈ నేల మీద అన్ని ఇళ్లలో ఉంది. ఆ ఆశను గౌరవించే క్రైస్తవుడే తన పండుగ గురించి పొరుగువాడికి మనసారా చెప్పగలడు.

ఇంట్లో ఎలా పాటించవచ్చు?

ఖర్చు అక్కర్లేదు, పందిళ్లు అక్కర్లేదు. జనవరి 6 సాయంత్రం కుటుంబమంతా కూర్చుని మత్తయి రెండో అధ్యాయాన్ని బయటికి చదవండి. పిల్లల చేత చదివించండి. హేరోదు, శాస్త్రులు, జ్ఞానులు, ఈ ముగ్గురిలో ఈ ఏడాది నేను ఎవరిలా ఉన్నాను అని ప్రతి ఒక్కరూ ఒక మాట చెప్పండి. నక్షత్రాన్ని ఆ రోజు దాకా ఉంచి, అప్పుడు దించండి.

ఆ తర్వాత వారానికి ఒక భాగం సరిపోతుంది. బాప్తిస్మం చదివిన వారం, మీరు ఇచ్చిన మాటను గుర్తు చేసుకోండి. కానా పెళ్లి చదివిన వారం, మీ ఇంట్లో, పొలంలో, దుకాణంలో పని చేసేవాళ్లకు బాకీ ఉన్న కూలి ఉంటే ఇచ్చేయండి, వాళ్ల పక్కన కూర్చుని తినండి. సుమెయోను, అన్నల కథ చదివిన వారం, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల ఇంటికి వెళ్లి తీరిగ్గా కూర్చోండి. రూపాంతరం కొండ కథతో ఈ కాలం ముగుస్తుంది. కొండ మీద గుడారాలు వేసుకుని ఉండిపోదామన్న పేతురును యేసు కిందికి తీసుకొచ్చాడు. కింద జబ్బుపడిన పిల్లవాడు, ఏడుస్తున్న తండ్రి ఉన్నారు. వెలుగు చూసినవాళ్ల పని అక్కడ ఉంది.

నాకు ఏ దర్శనమూ రాలేదు, ఏ మాటా వినబడలేదు అని బాధపడేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్లు కుంగిపోవద్దు. జ్ఞానులకు వినబడిన మాటలు తక్కువ, నడిచిన దూరం ఎక్కువ. అందరి సాక్ష్యాలు ఒకేలా ఉండవు. నిజాయితీగా వెతుకుతున్న మనిషి ఇప్పటికే దారిలో ఉన్నాడు.

ఈ వ్యాసం చదివిన మీకు ఒక మనవి. చేయాలని చాలాకాలంగా తెలిసి కూడా చేయకుండా ఆపిన మంచి పని ఒకటి మీ మనసులో ఇప్పటికే మెదిలి ఉంటుంది. క్షమాపణ చెప్పడమో, అప్పు తీర్చడమో, తలుపు తెరవడమో. దానికి ఇంకో ప్రసంగం, ఇంకో వచనం అవసరం లేదు. భస్మ బుధవారం రాకముందే ఆ పని చేయండి.